మెట్టుకీ మెట్టుకీ మధ్య

తాటిపాక,
12 జూన్ 1997.

ప్రియమైన బావకి,

ఏలీయా వందనాలు. క్షేమంగా చేరారని అక్క రాసిన కార్డు అందింది. నువ్వు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అలిగావని అర్థమైంది. అల్లుడు అలిగితే అత్తగారు బతిమాలుకోవాలి. మా అమ్మ లేదు కాబట్టి ఆ పని బావమరిది చేస్తున్నాడు. సర్దుకో.

కిందటేడు తుపానుకి ఎగిరిపోయిన మందిరం రేకులు మళ్ళీ వేయించి ప్రతిష్ఠ పండగ చేసుకుంటుంటే, నాలుగు రోజులుండి ముంజలు తిని వెళతావనుకున్నాం. నువ్వేమో మా అరుగు మీద కూర్చుని, మా అమ్మాయి సౌజన్య వాయించిందంతా చివరిదాకా విని, "వేళ్ళున్నాయి గానీ గిటారిస్టు కాదు" అన్నావు. పదిహేడేళ్ళ పిల్ల ముందర! అది నవ్వినట్టు నవ్వి లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. నువ్వు చూడలేదు. నేను చూశాను.

అన్నం దగ్గర మొదలైన మన తగువు బస్సు కదిలేదాకా తెగలేదు కదా, మిగతాది ఇప్పుడు తెంపుకుందాం. ఎస్టీడీ బూతులో గోడమీద బిల్లు అంకెలు చూసుకుంటూ తగువాడటం నాకు చేతకాదు.

గొప్ప గిటారిస్టు ఎవరు? నువ్వన్నావు, ఏ పాట ముందు పడేసినా అయిదు నిమిషాల్లో అందులో దూరిపోయేవాడని. ఇరవై ఏళ్ళు మద్రాసులోనూ, ఇప్పుడు హైదరాబాదులోనూ సినిమా పాటలకి వాయిస్తున్నవాడివి, అలాగే అంటావు. నేను హైస్కూల్లో లెక్కల మేస్టార్ని, ఆదివారం గిటారు పట్టుకునేవాణ్ణి. నా మాట కూడా విను. మనిద్దరికీ గిటారు నేర్పిన కేశవరావు మాస్టారు ఓ ఈస్టరు రోజున మూడొందల మంది పాడుతుంటే తీగలు రెండు తెగిపోయినా మిగిలిన నాలుగింటితో ఆరాధన అయ్యేదాకా నడిపించారు. మన పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా తెలియలేదు. గొప్పవాడు వాయిస్తే గిటారు వినబడదు బావా, పాట వినబడుతుంది. మా సౌజన్య అలా వాయిస్తుంది.

"దమ్ముంటే హైదరాబాదు పంపు, స్టూడియోలో పరీక్ష పెట్టిస్తాను" అన్నావు. పంపుతాను. తేదీ రాయి. నెగ్గితే వాయిద్యగాళ్ళలో దాని పేరు రాసుకుంటారు. నెగ్గకపోతే నర్సు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టేస్తానని తనే అంది. వాళ్ళమ్మ పోయాక ఆ పిల్ల నన్నేదీ అడగలేదు, ఇదొక్కటే అడిగింది. కాబట్టి ఇది నీకూ నాకూ సరదా పందెం కాదని గుర్తుపెట్టుకో.

అక్కకి పనస వడియాలు పంపుతున్నాను. నీకు కాదు.

నీ బావమరిది,
ఏలీయా.


హైదరాబాదు,
27 జూన్ 1997.

చిరంజీవి ఏలీయాకి,

నీ ఉత్తరం అందింది. వడియాలు కూడా అందాయి, సగం నేనే తిన్నాను.

ఆగస్టు ఎనిమిది, శుక్రవారం, పొద్దున్న పదిన్నరకి పరీక్ష. నేను ఎప్పుడూ వాయించే స్టూడియోనే. వాళ్ళు ముందే రికార్డు చేసిన పాట ఒకటి చెవులకి పెడతారు. దానికి గిటారు వాయించాలి. మూడు సార్లు వినిపిస్తారు, నాలుగోసారి వాయించాలి. ఎవరి కూతురని అడగరు, బాప్తిస్మం తీసుకుందా అని అడగరు. ఆ గాజు గదిలో నిలబడ్డాక పిల్లా, పాటా, అంతే.

నీ నాలుగు తీగల కథ నాకు చెప్పకు. నేనూ అక్కడే ఉన్నాను. మాస్టారి గొప్పతనం రెండు తీగలు లేకుండా వాయించడంలో లేదు. ఆ రెండూ తెగిన క్షణంలోనే తెగాయని విని, ఏ స్వరాలు వదలాలో నిర్ణయించుకోవడంలో ఉంది. చెవి, ఏలీయా! గొప్పవాడికి ముందు చెవుంటుంది. తరవాత వేళ్ళు. నువ్వు పాట వినబడాలంటావు. ఎవరికి? మన ఊరి మూడొందల మందికా? వాళ్ళు నువ్వేం వాయించినా పాడతారు, వాళ్ళకి నువ్వంటే ఇష్టం కాబట్టి. నీ మీద ఇష్టం లేనివాడి ముందు వాయిస్తే తెలుస్తుంది.

ఒక మాట అడుగుతాను. మాస్టారి పిచ్ పైపు ఉందా ఇంకా? మిషను దొరసాని గారు ఆయనకిచ్చిన ఆరు కన్నాల పైపు. ఒక్కో కన్నం ఊదితే ఒక్కో తీగ స్వరం పలికేది. ఆయన పోయేముందు నన్ను కాదని నీకిచ్చారు. నేను మద్రాసు నుంచి వచ్చేసరికే అది నీ జేబులో ఉంది. ఊరికే అడుగుతున్నాను.

మీ అక్క ఇందిర అడిగింది, పిల్ల పెరుగు తింటుందా లేదా అని.

సూరిబాబు.


తాటిపాక,
29 జూలై 1997.

బావకి,

పిల్ల వస్తోంది. పక్కింటి బుల్లెమ్మగారు కూతురి పురిటికి హైదరాబాదు వస్తున్నారు, ఆవిడతో పంపుతున్నాను. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి గోదారి దాటి నర్సాపురంలో రైలెక్కుతారు. ఆరో తారీఖు పొద్దున్న స్టేషనుకి రా. పెరుగు తింటుంది.

బయల్దేరే ముందు మందిరంలో హార్మోనియం దగ్గర కూర్చుని గిటారు శ్రుతి చేసుకుంటుంది. అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఆ తరవాత ఆ గిటారు మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఇది మాస్టారు పెట్టిన నియమమే కదా. "శ్రుతి చేసిన గిటారు పీటల మీద పెళ్ళికూతురు లాంటిది, వచ్చినవాడల్లా ముట్టుకోకూడదు" అనేవారు. సౌజన్యకి ఇదే చెప్పి పంపుతున్నాను. మీ స్టూడియోలో ఎవరూ దాని మరలు తిప్పకుండా నువ్వు చూసుకోవాలి.

పిచ్ పైపు ఎక్కడో ట్రంకు పెట్టెలో ఉంది. ఏడో ఏట నుంచీ ఈ పిల్ల హార్మోనియం పక్కనే కూర్చుని నేర్చుకుంది. దానికి పైపులతో పనిలేదు. నిద్రలో లేపి అడిగినా మొదటి తీగ స్వరం పాడి చూపిస్తుంది, నేను వెళ్ళి హార్మోనియం నొక్కి చూస్తే తేడా ఉండదు. చెవి చెవి అన్నావు, ఇదీ దాని చెవి.

ఇన్నాళ్ళూ నేను లేకుండా ఆ పిల్ల గోదారి దాటలేదు. జాగ్రత్త.

ఏలీయా.


హైదరాబాదు,
11 ఆగస్టు 1997.

ఏలీయాకి,

సౌజన్యని నిన్న మనూరి త్రిమూర్తులు దంపతులతో రైలెక్కించాను. ఈ ఉత్తరం కన్నా ముందే చేరుతుంది. తను నీకేమీ చెప్పదని నాకు తెలుసు. అందుకని నేను చెబుతున్నాను.

పదిన్నరకి లోపలికి వెళ్ళింది. గిటారు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పాట మొదటిసారి చెవులకి పెట్టగానే ఉలిక్కిపడింది. రెండోసారి మొహం పాలిపోయింది. రికార్డింగు చేసే ఆయన మంచివాడే, "శ్రుతి చూసుకో అమ్మా" అన్నాడు. "చేసుకునే వచ్చానండి" అంది. ఆయన లోపలికి వెళ్ళి, ఇటివ్వు నేను చూస్తానని చెయ్యి చాపాడు. ఆ పిల్ల గిటారుని గుండెలకి అదుముకుని వెనక్కి జరిగింది. "నాన్నగారు ఎవరినీ ముట్టుకోనివ్వద్దన్నారండి." అక్కడున్న నలుగురూ నవ్వారు. నవ్వకేం చేస్తారు?

నాలుగోసారి పాట నడిచింది. వాయించడం మొదలుపెట్టి ఆపింది. మళ్ళీ గిటారు మెడ మీద ఒక మెట్టు పైన పట్టుకుని చూసింది. అదీ కలవలేదు. నీ గిటారు సరిగ్గా అర స్వరం కిందుంటే ఒక మెట్టు పైకి జరిగి వాయించుకునేది, అంత తెలివి దానికుంది. మీది మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉంది ఏలీయా. గిటారు మెడ మీద దానికి చోటు లేదు. పాట అయ్యేదాకా అలా కూర్చునే ఉంది. అయిపోయాక గిటారు కవరులో పెట్టి, "క్షమించండి" అని బయటకొచ్చేసింది.

ఇదీ నీ మందిరం శ్రుతి. లోకమంతా ఒక శ్రుతిలో ఉంటే మీరు మరో శ్రుతిలో ఉండి, దానికి ప్రార్థన చేసి మరీ పంపావు. నూతిలో కప్పకి నుయ్యే గోదారి. గొప్ప గిటారిస్టు ఎవరని అడిగావు. వాడెవడైనా కానీ, వాడికి నీలాంటి గురువు మాత్రం ఉండకూడదు.

సూరిబాబు.

(ఇన్‌లాండు మడత మీద, వేరే చేతిరాతతో)

తమ్ముడూ, అంటించమని ఆయన నా చేతికిచ్చారు. ఇక్కడ చోటుంది కాబట్టి రాస్తున్నాను. మే నెల్లో పంటు మీద గోదారి దాటుతుంటే ఆయన నాతో అన్నారు, "మీ తమ్ముడి గిటార్లు శ్రుతి కిందున్నాయి ఇందిరా, వాడికి తెలీదు" అని. నీకు రాసేరనే అనుకున్నాను. గాజు ఇవతల కూర్చుని పిల్ల మొహం చూశాకే తెలిసింది రాయలేదని. ఆ రోజు నుంచీ నేను ఈయనతో మాట్లాడడం లేదు. అలాగని నువ్వు తక్కువ తిన్నావని కాదు. ఇందిర.


తాటిపాక,
20 ఆగస్టు 1997.

శ్రీ సూరిబాబు గారికి,

మీరు పంపిన ఇన్‌లాండు అందింది. మడత మీద రాసిందీ చదివాను. అక్కని ఏమీ అనకండి. అంటే నాకు తెలుస్తుంది.

మే నెలలోనే మీకు తెలుసు. మా అరుగు మీద కూర్చుని మా ముంజలు తింటూ విన్నారు, తెలుసుకున్నారు, గోదారి దాటేదాకా కడుపులో పెట్టుకున్నారు. జూన్‌లో రాసిన ఉత్తరంలో పిచ్ పైపు గురించి "ఊరికే" అడిగారు. ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది కదండీ. "పిల్ల గిటారు కిందుంది, సరిచేసి పంపు." అయిదు మాటలు. పోనీ నాకు రాయడం నామోషీ అనుకుంటే ఆరో తారీఖున స్టేషనులో దిగిన పిల్ల చెవిలో చెప్పచ్చు. రెండు రోజులు మీ ఇంట్లో అన్నం తింది. చెప్పలేదు. నలుగురిలో అది తెల్లబోతే తప్ప నా మీద మీ గెలుపు పూర్తి కాదు.

మీరు దాన్ని గాజు గదిలోకి పంపలేదండీ. నన్ను పంపారు, దాని వేషంలో.

సౌజన్య గిటారు కవరు విప్పలేదు. గోడకి చేరవేసి పెట్టింది. ఆదివారం మందిరంలో వెనక ఆడవాళ్ళ మధ్య కూర్చుంటోంది. పాట మొదలవగానే పెదవులు కదపడం మానేసి చెవులు మూసుకున్నట్టు తల వంచుకుంటోంది. అయ్యగారు ఏమైందని అడిగితే తలనొప్పి అని చెప్పింది. నర్సు ట్రైనింగు దరఖాస్తు తెచ్చుకుంది. నింపడం మొదలుపెట్టింది.

చెవి గొప్పదన్నారు. మీ చెవి గొప్పదే, కాదనను. తప్పు విని నోరు మూసుకునే చెవిని ఏమంటారో నాకు తెలీదు.

ఇకపై ఉత్తరాలు అక్క పేరున రాస్తాను.

ఏలీయా.


హైదరాబాదు,
6 సెప్టెంబరు 1997.

ఏలీయా,

నువ్వు నన్ను మీరనడం నాకు చెప్పుతో కొట్టినట్టుంది. కొట్టు. పడతాను.

అవును, తెలుసు. మాస్టారు పోయాక మీ గిటార్లు వినడం మే నెల్లోనే మొదటిసారి, మొదటి తీగ మోగగానే తెలుసు. చెబుదామని నోరు తెరిచాను కూడా. అప్పుడే నువ్వు, "మాస్టారు పైపు ఊరికే నాకిచ్చారా?" అన్నావు, అందరి ముందూ, నవ్వుతూ. నీకు గుర్తుండదు. పన్నెండేళ్ళుగా ఎప్పుడు కలిసినా ఏదో వంకన ఆ మాట అంటావు. నేను లేని చోట ఆయన ఎవరు గొప్పో తేల్చేసి పోయారని, నువ్వు గెలిచావని. ఆయన దగ్గర నేను నీకన్నా రెండేళ్ళు ముందు చేరాను. కావిడితో ఆయన ఇంటికి నీళ్ళు మోసినవాణ్ణి. ఆ మాట వినగానే తెరిచిన నోరు మూసేశాను. వాడే తెలుసుకుంటాడులే, వాడికి పైపుంది కదా అనుకున్నాను.

పిల్ల స్టేషనులో దిగినప్పుడు చెబుదామనుకున్నాను. "మావయ్యా, నాన్న అన్నారు, ఎవరూ ముట్టుకోకూడదుట" అని కవరు భుజాన వేసుకునే నడిచింది. నాకు మళ్ళీ మండింది. నా తప్పుకి నేను సాకులు చెప్పడం లేదు. ఎలా జరిగిందో చెబుతున్నాను. గాజు ఇవతల కూర్చుని, లేచి వెళ్ళి ఒక్క మాట చెబితే చాలునని తెలిసీ లేవలేదు.  ఇరవై ఏళ్ళలో నేను చేసిన అన్నిట్లోకీ నీచమైన పని అది.

సరే. నా సంగతి అయింది. ఇప్పుడు నీది చెప్పు.

నీ దగ్గర పైపుంది. ఒక్కసారి ఊది చూస్తే తేడా తెలిసిపోతుంది. లెక్కల మేస్టారివి, పిల్లాడు కాగితం మీద పెన్సిలు చుక్క పెడితే పట్టుకుంటావు. పదకొండు పన్నెండేళ్ళలో ఒక్కసారైనా ఊదలేదా? ఊదితే తెలియదా? నాకు తెలిసి నేను నోరు మూసుకున్నాను. నీకు తెలిసి నువ్వేం చేశావు?

దరఖాస్తు పోస్టు చెయ్యనివ్వకు.

సూరిబాబు.


తాటిపాక,
9 డిసెంబరు 1997.

బావా,

మూడు నెలలు జవాబు రాయలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఒకటే వాక్యం వచ్చేది, అది రాయలేక లేచిపోయేవాణ్ణి. ఇవాళ రాస్తున్నాను.

నాకు తెలుసు.

ఎనభై ఆరు ఆగస్టు వరదకి మందిరంలో గుండెల లోతు నీళ్ళు నిలిచాయి. నువ్వప్పుడు మద్రాసులో ఉన్నావు. హార్మోనియం మూడ్రోజులు నీళ్ళలో ఉంది. మూడు ఆదివారాలు పాట లేకుండా ఆరాధన జరిగింది. ఇళ్ళు పోయినవాళ్ళు, గొడ్లు పోయినవాళ్ళు వచ్చి ఉత్తినే కూర్చుని వెళ్ళిపోయేవారు. బాగుచేసే మనిషి అమలాపురంలో ఉన్నా రాలేనన్నాడు. నేనే విప్పాను. లోపల స్వరాలు పలికే ఇత్తడి రేకులు చిలుము పట్టి ఉన్నాయి. స్కూలు లేబులోంచి ఆకురాయి తెచ్చి గీకాను. మొదలు దగ్గర గీకితే శ్రుతి దిగిపోతుందని నాకప్పుడు తెలీదు. ఒక రేకు దిగిపోయింది. ఎక్కించడం చేతకాలేదు. అందుకని మిగతావన్నీ ఒక్కొక్కటీ గీకి దాని దగ్గరికి దించేశాను.

అయ్యాక పైపు ఊది చూశాను. కలవలేదు. మళ్ళీ ఊదాను. కలవలేదు.

మర్నాడు ఆదివారం. హార్మోనియం మోగగానే జనం ఏడుస్తూ పాడారు. నన్ను కావలించుకున్నారు. అయ్యగారు నా పేరు పెట్టి ప్రార్థన చేశారు. ఆ తరవాత తప్పని ఎలా చెప్పను? వచ్చే వారం చెబుదామనుకున్నాను. పైపు ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాను. గిటార్లన్నీ హార్మోనియానికి కలిపాను. ఆ మరుసటి సంవత్సరం నా కూతుర్ని తెచ్చి దాని పక్కన కూర్చోబెట్టాను. ఏళ్ళు గడిచేసరికి ఇదే అసలు శ్రుతి అని నన్ను నేను నమ్మించుకున్నాను, పిల్లని నీ దగ్గరికి పంపేటప్పుడు కూడా ఆ పెట్టె తెరవలేదు.

ఇంకొకటుంది. ఇది నీకు చెప్పాల్సింది, పన్నెండేళ్ళ కిందటే. మాస్టారు పైపిచ్చినప్పుడు నేను, "బావకి కదండీ ఇవ్వాలి?" అన్నాను. ఆయన ఏమన్నారో మాట మారకుండా రాస్తున్నాను: "సూరిబాబుకెందుకురా? వాడి చెవిలోనే ఉంది. నీకే కావాలి, నీది నమ్మకం లేని చెవి. వారానికోసారి ఊది చూసుకో."

నేను గెలవలేదు బావా. గెలిచింది నువ్వు. నీ గెలుపుని నా జేబులో వేసుకుని తిరిగాను. పైగా నీ ముందే ఆడిస్తూ.

మొన్న ఆదివారం క్రిస్మసు పాటల సాధనకి అందరూ వచ్చాక లేచి నిలబడి, పైపు చేత్తో పట్టుకుని చెప్పేశాను. వరద సంగతీ, ఆకురాయి సంగతీ, అంతా. పదకొండేళ్ళు మీ చేత తప్పు శ్రుతిలో పాడించానన్నాను. సౌజన్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది. 

ముందు వరసలోంచి తాడు పేనే పాపాయమ్మ లేచింది. డెబ్భై ఏళ్ళావిడ. "ఆయ్, మాకు తెలుసండి మేస్టారూ" అంది.

నాకు అర్థం కాలేదు. ఏం తెలుసమ్మా అన్నాను.

"వరదకి ముందు పాట ఇంకాస్త పైనుండేదండి. ఆ మొదటి ఆదివారమే మేం ఆడాళ్ళం అనుకున్నాం, ఏంటే కిందకి దిగిపోయిందని. మీరు తిండి మానేసి మూడ్రోజులు కూర్చుని బాగుచేసేరు. ఎలా చెప్తామండి? బాధపడతారు కదా అని మేమే దిగేం" అంది. వెనక వరసల్లో ముసలాళ్ళు నలుగురైదుగురు తలలూపారు. కొందరు నవ్వారు కూడా.

నేను కూర్చుండిపోయాను. ఏడిచానేమో గుర్తులేదు. మూడొందల మందిని నేను నడిపిస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ.

 ఇంటికి వచ్చాక సౌజన్య చెయ్యి చాపింది. పైపిచ్చాను. తీసుకుని వెళ్ళిపోయింది. దరఖాస్తు ఇంకా బల్ల మీదే ఉంది, నింపి, సంతకం చేసి.

నీ
ఏలీయా.


హైదరాబాదు,
17 డిసెంబరు 1997.

ఏలీయా,

నీ ఉత్తరం ఇందిరే విప్పి, నాతో కాదన్నట్టు పైకి చదివింది. ఆ మాస్టారి మాట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగి నా మొహం చూసింది. నాలుగు నెలల తరవాత నాతో మొదటి మాట అంది. "మొహం కడుక్కోండి."

పన్నెండేళ్ళు నేను కోపంతో వాయించాను. ఏలీయాకన్నా గొప్పవాణ్ణని రుజువు చెయ్యాలని. ముందే చెప్పి ఉంటే ఏం చేసేవాణ్ణో! ఇంతకన్నా బాగా వాయించేవాణ్ణో, అసలు మద్రాసు వదిలి వచ్చేసేవాణ్ణో. నిన్ను తిట్టాలని కూర్చుంటే తిట్లు రావడం లేదు.

ఫిబ్రవరిలో ఇంకోసారి పరీక్ష పెడతామన్నారు. నేను అడిగాను, బతిమాలాను. ఆ రోజు తప్పు పిల్లది కాదని, తెలిసీ చెప్పనివాడు ఇక్కడే కూర్చున్నాడని ఆ నవ్విన నలుగురికీ చెప్పాను. వస్తుందో రాదో దాని ఇష్టం. రమ్మని చెప్పే మొహం నాకు లేదు. ఈ కాగితం దానికి చూపించు.

బావ.


తాటిపాక,
4 జనవరి 1998.

మావయ్యకి,

సౌజన్య వందనాలు. నాన్న మీ ఉత్తరం నా చేతికిచ్చి అరుగు మీదకెళ్ళి కూర్చున్నారు. జవాబు నన్నే రాయమన్నారు.

మీ ఇద్దరి మీదా నాకు ఇంకా కోపంగానే ఉంది. గొప్ప గిటారిస్టు ఎవరో తేల్చుకోవడానికి నన్ను మధ్యలో పెట్టుకున్నారు. ఆ గదిలో పాట వినబడగానే నాకు ఎంత భయం వేసిందో మీకు తెలీదు. పాట తప్పా, నేను తప్పా అన్నది తెలియలేదు. నా చెవి తప్పయితే నా దగ్గర ఇంకేముంది అనిపించింది. ఇంటికి వచ్చాక ఏ చప్పుడు విన్నా నమ్మకం కలగలేదు. గుళ్ళో పాట కూడా అబద్ధంలా వినిపించేది.

నాన్న మందిరంలో చెప్పేసిన మర్నాడు నేను పైపు తీసుకుని పాపాయమ్మ మామ్మ దగ్గరికి వెళ్ళాను. కాలవ గట్టు మీద కొబ్బరి పీచు తాడు పేనుతోంది. రాట్నం తిప్పే మనిషి రాలేదుట, నేను తిప్పుతూ కూర్చున్నాను. మామ్మ వెనక్కి నడుస్తూ తాడు పేనుతూ తనలో తను పాత కీర్తన ఒకటి పాడుకుంటోంది. ఆదివారం మేం పాడేదే. కానీ పైన పాడుతోంది. ఒక చేత్తో రాట్నం తిప్పుతూనే రెండో చేత్తో పైపు తీసి, ఆవిడకి వినబడకుండా మెల్లిగా ఊదాను. కలిసింది మావయ్యా. వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. మళ్ళీ ఇంకో కీర్తనకి ఊదాను. అదీ కలిసింది.

"మామ్మా, గుళ్ళో కింద పాడతావు, ఇక్కడ పైన పాడుతున్నావేం?" అన్నాను.

"ఇక్కడ మీ నాన్న లేరు కదే" అంది. తాడు పేనడం ఆపలేదు.

పదకొండేళ్ళు ఆదివారం ఒక శ్రుతీ, మిగతా ఆరు రోజులూ ఒక శ్రుతీ. రెండూ చెడకుండా దాచుకుంది. నాకు ఒక్కటి తప్పైనందుకే గిటారు గోడకి చేరవేశాను.

ఆ సాయంత్రం కవరు విప్పాను. పైపుకి కలిపి వాయించాను. తరవాత హార్మోనియానికి దించి వాయించాను. మళ్ళీ ఎక్కించాను. మొదట్లో ఒకటి పెడితే రెండోది చెదిరిపోయేది. నెల తిరక్కుండానే రెండూ నావే అయ్యాయి. ఇప్పుడు పైపు ఊదకుండా ఏది కావాలంటే అది పెట్టగలను. హార్మోనియాన్ని మాత్రం బాగుచేయించడానికి నాన్న అమలాపురం పంపించేస్తానంటే, ఆ ముసలాళ్ళందరూ పోయేదాకా ముట్టుకోవద్దని చెప్పాను. పైకి పాడమంటే మామ్మకి తప్ప మిగతావాళ్ళకి ఇప్పుడు ఊపిరి చాలదు.

ట్రైనింగు దరఖాస్తు చింపలేదు. పెట్టెలో పెట్టాను.

ఫిబ్రవరిలో వస్తాను. గిటారు మీరూ పట్టుకోవచ్చు, ఆ రికార్డింగు ఆయనా పట్టుకోవచ్చు, నాకేం పట్టింపు లేదు. ఒకటే అడుగుతున్నాను. ఈసారి గాజు అవతల కూర్చోకండి. లోపలికి వచ్చి నా పక్కన కూర్చోండి. నా శ్రుతి తప్పితే, అందరూ వింటున్నా సరే, అప్పుడే చెప్పండి.

నాన్నని కూడా తీసుకొస్తున్నాను. ఆయనకీ ఇదే మాట చెప్పాను.

మీ
సౌజన్య.